తాంబూలం పుచ్చుకున్న మేళం

పెద్దమండ్యం చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి ముహూర్తం తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో పడితే, ఆ రాత్రి అందరికంటే మెలకువగా ఉండాల్సినవాళ్లు మేళంవాళ్లు. పెండ్లికొడుకు ఒక కునుకు తీయవచ్చు. వంటవాళ్లు వంతులు వేసుకోవచ్చు. సన్నాయి ఊదేవాడికి, డోలు కొట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేసిన క్షణాన గట్టిమేళం మోగాలి. తాళి కట్టే వేళ ఏ తుమ్మూ, ఏ ఏడుపూ, ఏ చెడ్డమాటా వధూవరుల చెవిన పడకుండా ఆ మోత కమ్మేయాలి. ఆ అర నిమిషం తప్పిపోతే మళ్లీ చేసి చూపడానికి ఉండదు.

మేళంవాడు వస్తాడా, వేళకు వస్తాడా, వచ్చి చివరిదాకా ఉంటాడా? ఊరికి ముందుగా కావాల్సింది ఈ మూడే. వాయింపులో ఎంత విద్వత్తు ఉందన్నది ఆ తర్వాతి సంగతి. కచేరీ విద్వాంసుల గురించి జీవిత చరిత్రలు వచ్చాయి, సంచికలు వచ్చాయి, సన్మాన పత్రాలు అచ్చయ్యాయి. ఈ మూడు ప్రశ్నలకూ తరతరాలుగా తమ ఒంటితో జవాబు చెప్పిన పనివాళ్ల చరిత్ర మాత్రం ఈనాం లెక్కల్లోనూ, ఇంటి పెద్దల మాటల్లోనూ ముక్కలుగా మిగిలింది. ఆ ముక్కలను దగ్గర పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. మాట తప్పకపోవడం వీళ్లకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. దాని వెనుక భూమి ఉంది, కులం ఉంది, ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది, ఒక మేళం ఇంకో మేళానికి అక్కరకు వచ్చిన సాయం ఉంది. ఆ ఖర్చు ఎక్కువగా మేళంవాళ్లే భరించారు.

పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నేల సరిహద్దుల మీద బతికింది. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కుంఫిణీకి అప్పగించినప్పుడు మదనపల్లె వైపు ఊళ్లు కడపలో కలిశాయి. పుంగనూరు జమీందారీగా ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను, ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి వంటివాటిని తెచ్చి కలిపారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ విడదీసినప్పుడు పెద్దమండ్యం, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే నిలిచాయి. జిల్లా గీతలు ఎటు జరిగినా మేళాల రాకపోకలు ఆగలేదు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. అక్కడ సన్నాయి పట్టినవాడికి త్యాగయ్య కీర్తనా రావాలి, పురందరదాసు పదమూ రావాలి, గోడ అవతలి అరవ ఇంట్లో పెండ్లయితే వాళ్లకు నచ్చే పాటా రావాలి.

మేళం అంటే ఒకటే రకం కాదు. పెండ్లికీ గుడికీ సన్నాయి, డోలు, తాళం, శ్రుతి కలిసిన మంగళవాద్యం. దీన్ని వాయించేవాళ్లలో నాయీబ్రాహ్మణులు ఎక్కువ. దూదేకుల ముస్లిం కుటుంబాలూ తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నాయి. జాతరకూ, గంగమ్మ మొక్కుకూ, చావుకూ పలకలు, అంటే డప్పులు. అవి మాల మాదిగ వాడల వాద్యం. అమ్మవారి కథ చెప్పే చోట పంబ మోగుతుంది. రాత్రంతా సాగే వీధినాటకానికి హార్మోనియం, మద్దెల, ముఖవీణ కావాలి. వీటన్నిటి తర్వాత వచ్చింది బ్యాండు సెట్టు: క్లారినెట్టు, ట్రంపెట్టు, పెద్ద డ్రమ్ము, సైడు డ్రమ్ము, మెరుపు గుండీల చొక్కాలు. వాద్యం ఏదైనా, వాయించేవాడిని ఊరు అడిగే మొదటి మాట అదే: ఆ దినం తప్పకుండా వస్తారా?

ఆ మాటకు పూచీగా పూర్వం కాగితం రాసుకునేవాళ్లు కాదు. ఇంటి పెద్ద మేళగాడి ఇంటికి వెళ్లి ఆకూవక్కా, దాని మీద కొంత సంచకారం (బయానా) పెట్టి ఇచ్చేవాడు. అది చేతిలోకి తీసుకున్నాడంటే ఆ రోజు ఆ ఇంటిది. తాంబూలం పుచ్చుకున్న తర్వాత పక్క ఊరి పెద్దింటివాళ్లు వచ్చి రెండింతలు ఇస్తామన్నా, “అన్నా, ఆ దినానికి తాంబూలం పట్టేసినాము, మా చిన్నాయన కొడుకు మేళం ఉంది, వాళ్లను పంపిస్తాను” అనాల్సిందే. ఆ జవాబులోనే రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, ముందు మాట ఇచ్చిన ఇల్లు పేదదైనా దాన్ని వదలకపోవడం. రెండు, తాను పోలేని చోటికి తనంతటి మనిషిని పంపడం. తన బదులు పంపినవాడు తాగి వచ్చినా, తప్పుగా వాయించినా పేరు పోయేది పంపినవాడికే. అందుకే ఈ వృత్తిలో చుట్టరికం వట్టి బంధుత్వం కాదు, ఒకరి పనికి ఇంకొకరు పడిన జామీను. ఒకరి ఇంట చావు వచ్చి మైల పడితే, ఒప్పుకున్న పెండ్లికి మేనబావ మేళం నిలబడేది. ఆ రుణం రాసుకోని లెక్కగా ఉండి, ఇంకో మాఘంలోనో వైశాఖంలోనో తీరేది.

గుడి మేళానికి తాంబూలం సరిపోదు. అక్కడ పని రోజూ ఉంటుంది. దానికి ప్రతిఫలంగా భూమి ఇచ్చేవాళ్లు. భజంత్రీలకు ఇచ్చిన మాన్యం, అర్చకుడికి ఇచ్చిన మాన్యం, పూలు తెచ్చేవాడికి ఇచ్చిన మాన్యం పక్కపక్కనే ఉండేవి. మద్రాసు ప్రభుత్వం 1858లో ఈనాం కమిషన్ వేసి ఈ భూములన్నిటి హక్కులూ విచారించింది. గుడి సేవకు ఇచ్చిన ఈనాములను, ఆ సేవ జరుగుతున్నంత కాలం అనే షరతు మీద ఖాయం చేసింది. అంటే సన్నాయి ఆగితే భూమి మీద హక్కూ కదులుతుంది. ప్రొద్దున గుడి తలుపు తీసే వేళ భూపాలమో బౌళో ఊదే మనిషికి భక్తి ఉండవచ్చు, ఉండేది కూడా. కానీ ఆ భక్తితో పాటు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే ఎకరా మడి ఆ ఊపిరి మీద ఆధారపడి ఉంది. జ్వరం వచ్చిన రోజు తమ్ముడినో కొడుకునో పంపక తప్పేది కాదు. ఇంట్లో ఇద్దరికైనా వాద్యం రావాలన్న పట్టుదల అక్కడి నుంచి వచ్చింది.

ఆ ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్క మెట్టే జారిపోయింది. 1956 ఈనాముల రద్దు చట్టంతో ఈనాం భూములు రైత్వారీ పట్టాల దారి పట్టాయి. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం గుళ్లలో వంశపారంపర్య హక్కులను తీసేసింది. అర్చక మిరాసీ గురించి సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచి, 1996లో తీర్పు వచ్చింది; ఆ వివాదం పత్రికలన్నిటికీ ఎక్కింది. అదే చట్టం కింద డోలు, సన్నాయి వాయించే కుటుంబాలకు ఏం పోయిందో రాసినవాళ్లు తక్కువ. వంశహక్కు పోవడం తప్పని ఎవరూ అనలేరు. ప్రతిభ ఉన్న ఎవరికైనా గుడి తలుపు తెరవాలి. కాని హక్కు తీసేసిన చోట జీతం గట్టిగా నిలబెట్టలేదు. చిన్న ఊళ్ల గుళ్లలో సన్నాయి స్థానంలోకి కరెంటు మీద ఆడే డోలు, గంట యంత్రం వచ్చి కూర్చున్నాయి. మీట నొక్కితే మోగుతుంది. పాట ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో దానికి తెలియదు.

పలకల సంగతి ఇంకా కఠినం. పలకవాళ్లు పిలిస్తే తప్పకుండా వస్తారని పాతకాలపు పెద్దలు మెచ్చుకోలుగా చెప్పేవాళ్లు. రాకపోతే ఏమయ్యేదో చెప్పేవాళ్లు కాదు. ఊళ్లో చావు జరిగితే అర్ధరాత్రయినా వాడకు కబురు వచ్చేది. చాటింపు వేయాలన్నా, జాతరకు నిప్పులగుండం ముందు నడవాలన్నా వాళ్లే. కూలి అంటూ మాట్లాడుకునేది ఉండదు. కళ్లంలో కొంత గింజ, పండగకు ఒక పాత గుడ్డ, మిగిలిన అన్నం. వెట్టిని నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది 1976లో. దానికి ముందూ తర్వాతా, పలక కొట్టబోమని ఎదురు తిరిగిన వాడలు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. ఆ తిరస్కారం కూడా ఈ చరిత్రలో భాగమే. కాదనే స్వేచ్ఛ ఉన్నవాడు ఔననడంలోనే మాటకు విలువ ఉంటుంది. నేడు రేటు మాట్లాడుకుని, తమ పేరుతో బృందం కట్టుకుని, బండి మాట్లాడుకుని జాతరకు వచ్చే పలకల జట్టు ఆ స్వేచ్ఛను సంపాదించుకుని వచ్చింది. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ, కుప్పంలో మే నెలలో జరిగే గంగమ్మ జాతరలోనూ పలక లేకుండా అమ్మవారి మెరవణి కదలదు.

వేళకు సిద్ధంగా ఉండటమే ఈ పనిలో సగం విద్య. పలక తోలుకు చలిగాలి తగిలినా, వాన తుంపర పడినా బిగువు తగ్గి గొంతు పోతుంది. అందుకే జట్టు రాగానే మొదట చేసేది మంట వేయడం. వరిగడ్డో చెత్తో అంటించి పలకను తిప్పుతూ కాచి, వేలితో మీటి చూసి, మళ్లీ కాచి, గణగణమనేదాకా ఊరుకోరు. మెరవణి నాలుగు వీధులు తిరిగేలోపు రెండు మూడు సార్లు ఈ పని పడుతుంది. అందరి పలకలూ ఒకేసారి చల్లారకుండా ఇద్దరు కాచుకుంటుంటే మిగతావాళ్లు దరువు పట్టి ఉంచుతారు. చూసేవాళ్లకు దరువు ఎక్కడా ఆగినట్లే తెలియదు.

సన్నాయివాడి గుబులంతా నోట్లో పెట్టుకునే జీవాళి మీద. దాన్ని కావేరి తీరంలో పెరిగే ఒక రకం గడ్డి కాడతో చేస్తారు. తంజావూరు సీమలోని తిరువావడుదురై దానికి పేరుపడిన ఊరు. వాద్యం చెక్కేది ఆచా మానుతో. కుంభకోణం దగ్గరి నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మదనపల్లె ఎండకు, మాఘమాసపు తెల్లవారుజామున పడే మంచుకు జీవాళి ఒక్కోలా మాట్లాడుతుంది. అందుకే వాద్యానికి దారం కట్టి నాలుగైదు జీవాళీలు వేలాడేసుకుంటారు, వాటిని సరిచేసుకునే సన్నటి సూది కూడా వాటితోనే ఉంటుంది. డోలువాడు కుడిచేతి వేళ్లకు గుడ్డను జిగురుతో గట్టిపరిచిన తొడుగులు వేసుకుంటాడు. వాటిలో ఒకటి పగిలితే దరువులో ఒక వేలు మూగబోయినట్లే. పెట్టెలో ఇంకో జత లేకుండా బయల్దేరిన డోలువాడిని గురువు మెచ్చడు.

అందరికంటే ఓర్పు కావాల్సింది ఒత్తు పట్టే పిల్లవాడికి. శ్రుతిపెట్టె రాకముందు, సన్నాయి పక్కన రంధ్రాలు లేని ఇంకో సన్నాయి ఉండేది. అది ఊదేవాడి పని ఒకే స్వరం, గంటల తరబడి, తెగకుండా. బుగ్గల్లో గాలి నింపుకుని, ముక్కుతో పీల్చుతూ, నోటితో వదులుతూ ఉండాలి. గురువు తోడి రాగంతో చెవులకు అమృతం పోస్తుంటే ఆ పిల్లవాడికి దక్కేది షడ్జం ఒక్కటే. అలా ఏళ్లు గడిచాకే చేతికి రంధ్రాలున్న సన్నాయి ఇచ్చేవాళ్లు. రాగం ఎవరిదైనా, దాని కింద ఆధారంగా నిలబడటం ఎలాగో ఆ పిల్లవాడికి ముందుగా ఒంటబట్టేది. నేడు శ్రుతిపెట్టె మీట తిప్పితే చాలు. శ్రమ తప్పింది, మంచిదే. ఆ శ్రమతో పాటు ఒక పాఠమూ తప్పింది.

ఇంత ఓర్పుకూ పెద్ద పరీక్ష చిత్తూరు పల్లెల భారతం. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు మహాభారత యజ్ఞం జరుపుతారు. మధ్యాహ్నం హరికథలో ఆ రోజు ఘట్టం చెబుతారు. రాత్రికి అదే ఘట్టాన్ని వీధినాటకంగా ఆడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు తపసు మాను ఎక్కుతాడు. కింద సంతానం కోరి మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. చివరి రోజు మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకుని తిరుగుతాడు. సాయంత్రం అగ్నిగుండం. నటులకు వేషాలు మారుతుంటాయి; ద్రౌపది రంగం మీద లేనప్పుడు ఆ వేషధారి పక్కకు పోయి టీ తాగవచ్చు. హార్మోనియం, మద్దెల, తాళం మాత్రం తెర లేచినప్పటి నుంచి తెల్లారేదాకా కదలవు. నటుడు పద్యం మధ్యలో తడబడితే హార్మోనియం ఆ రాగంలోనే ఒక చుట్టు తిప్పి అతడికి ఊపిరి ఇస్తుంది. గొంతు పట్టేసినవాడి కోసం శ్రుతి దించాలి. నిద్రమత్తులో ఉన్న జనాన్ని మద్దెల లేపాలి. పొద్దున ఇంటికి పోయి పొలం పని చూసుకుని, రాత్రికి మళ్లీ అదే చాప మీదికి. ఇలా పద్దెనిమిది రాత్రులు ఒక మనిషి కూర్చోగలగడం ఈ నేల సంగీత చరిత్రలో ఏ బిరుదుకూ తీసిపోని గొప్పతనం.

బ్యాండు సెట్టు కథ వేరే వైపు నుంచి మొదలవుతుంది. కుంఫిణీ పటాలాలతో పాటు వాళ్ల బ్యాండులూ దక్షిణాదికి వచ్చాయి. తంజావూరును 1798 నుంచి 1832 దాకా ఏలిన రెండో శరభోజి తన ఆస్థానంలో పాశ్చాత్య పద్ధతి బ్యాండును పెట్టుకున్నాడు. ముత్తుస్వామి దీక్షితులు ఆ తెల్లవాళ్ల బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. ‘గాడ్ సేవ్ ద కింగ్’ బాణీ కూడా వాటిలో ఉంది. మైసూరు మహారాజులు కర్ణాటక బ్యాండునూ ఇంగ్లీషు బ్యాండునూ విడివిడిగా పోషించారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే బెంగళూరులో దండు (కంటోన్మెంటు) వెలిసింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు దండుకు రైలు పడింది. ఆ దారి మీదే కుప్పం ఉంది. పటాలాల వెంట వచ్చిన ఆ వాద్యాలు మెల్లగా బజారులోకి, బజారు నుంచి పెండ్లి మెరవణిలోకి దిగాయి. ఉత్తరాదిలో మీరట్ ఈ వాద్యాల తయారీకి కేంద్రమైంది. దేశం నలుమూలలా పెండ్లి బ్యాండుల చేతుల్లో ఉన్న ఇత్తడి బూరల్లో చాలావాటికి పుట్టిల్లు అక్కడి జలీ కోఠీ వీధులే.

పటాలం నుంచి బూరతో పాటు ఇంకొకటి వచ్చింది. అది వరస. అందరూ ఒకేసారి ఎత్తుకోవాలి, ఒకేసారి దించాలి, ఒకే బట్ట కట్టాలి, మాస్టరు చెయ్యి చూడాలి. సన్నాయి మేళంలో విద్వాంసుడి మనోధర్మాన్ని బట్టి డోలు పోతుంది. బ్యాండులో ఒక్క సైడు డ్రమ్ము తప్పినా పదిమంది తప్పినట్లు వినపడుతుంది. పెండ్లిళ్లు లేని నెలల్లో టమోటా మండీలో మూటలు మోసేవాడు, సెలూను నడిపేవాడు, ఇటుకల పనికి పోయేవాడు సాయంత్రం చేరి కొత్త సినిమా పాట నేర్చుకోవాలి. నొటేషన్ చదవడం రానివాళ్లే ఎక్కువ కాబట్టి పాటను విని, మళ్లీ విని, నోటితో అనుకుని, వాద్యం మీదికి ఎక్కించుకోవాలి. పెండ్లివారు అడిగిన పాట రాదనడం బ్యాండుకు చిన్నతనం.

బ్యాండుల మాట వచ్చినప్పుడు మదనపల్లెను దాటి పోలేం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయన మిత్రుడు. టాగూర్ జనగణమన పాడి వినిపించారు, దాన్ని అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, జాతీయ గీతం ఏది కావాలన్న చర్చలో బ్యాండు సంగతి పెద్ద విషయమైంది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశానికి పోయిన మన ప్రతినిధులను అక్కడి వాద్యబృందం జాతీయ గీతం అడిగితే, జనగణమన రికార్డు ఇచ్చారు. అది అందరికీ నచ్చింది. ఈ విషయాన్ని 1948 ఆగస్టులో నెహ్రూ రాజ్యాంగ సభకు చెబుతూ, జాతీయ గీతానికి మాటల కంటే బాణీ ముఖ్యమనీ, అది బ్యాండు మీద పలకాలనీ వివరించారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దాన్ని జాతీయ గీతంగా ప్రకటించింది. ఆగస్టు 15న మదనపల్లెలో పోలీసు బ్యాండు ఆ 52 సెకన్లు వాయిస్తుంటే, ఆ బాణీకి మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాసింది ఈ ఊళ్లోనే అన్నది పిల్లలకు చెప్పి తీరాలి.

పుంగనూరుకూ ఇలాంటి గర్వకారణం ఉంది. 1898లో ఆ ఊళ్లో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై, కాంచీపురం నాయనా పిళ్లై దగ్గర గురుకులవాసం చేశారు. నాయనా పిళ్లై కచేరీ అంటే ఫుల్ బెంచి: ఫిడేలు, మృదంగం మాత్రమే కాదు, కంజీర, ఘటం, మోర్సింగు, కొన్నకోలు, డోలక్కు దాకా వేదిక నిండేది. అంత లయ మధ్య గురువు వెనుక కూర్చుని, ఆయన వదిలిన చోట అందుకుని, ఆయన ఎత్తుకోగానే తగ్గి పాడటం శిష్యుడి పని. ఆ పనిలో ఏళ్లు గడిపిన సుబ్రహ్మణ్య పిళ్లైకి 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు దక్కింది. ఆయన గాయకుడే, బ్యాండువాడు కాదు. అయినా వెనుక కూర్చున్నవాడి అణకువ, అప్రమత్తత ఎంత పెద్ద విద్యో ఆయన జీవితం చూపిస్తుంది.

ఇక నిష్ఠ అన్న మాటకు సన్నాయిలో ఎత్తు చూడాలంటే ప్రకాశం జిల్లా కరవదికి పోవాలి. షేక్ చినమౌలానా అక్కడ 1924లో పుట్టారు. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. అప్పటికే పేరున్నవారైనా, తంజావూరు బాణీ పట్టాలని నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిని తన ఇల్లు చేసుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. ఆ మరుసటేడు కన్నుమూశారు. ఆయన పరంపరలో శిక్షణ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు జంటగా పద్మశ్రీ అందుకున్నారు. అప్పటి కృష్ణా జిల్లా గోసవీడు నుంచి వచ్చిన షేక్ హసన్ సాహెబు భద్రాచలం రాముడికి ఏళ్ల తరబడి సన్నాయి సేవ చేశారు. 2022లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. ఒక ముస్లిం విద్వాంసుడు రోజూ రాముడిని సన్నాయితో మేల్కొలపడం తెలుగు నేల మీద వింతగా ఎవరికీ తోచలేదు. ఆయన వేళకు వచ్చారు, శుద్ధంగా వాయించారు. గుడికి కావాల్సింది అదే.

బిరుదులు వచ్చినవాళ్ల పక్కన రానివాళ్లను కూడా నిలబెట్టాలి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునుగుతుంటే దాని మీద పనిచేస్తున్న ఎనిమిదిమంది వాద్యగాళ్లు వాయిస్తూనే ఉండి, అందరూ చనిపోయారు. లోకమంతా వాళ్ల ధైర్యాన్ని పొగిడింది. అదే నెలాఖరులో, వాళ్లను పనికి కుదిర్చిన ఏజెన్సీ ఆ బృందంలోని జాక్ హ్యూమ్ అనే కుర్రవాడి తండ్రికి ఒక ఉత్తరం రాసింది: కొడుకు కోటు బిళ్లలకు, కుట్టు పనికి బాకీ ఉన్న డబ్బు కట్టమని. ఊరి మేళాలకు ఈ అనుభవం కొత్తేమీ కాదు. “మీరు లేకుంటే పెండ్లే లేదప్పా” అన్న నోరే, మరునాడు మిగతా పైకం అడిగితే “వచ్చే వారం రా” అంటుంది. మెరవణిలో ముందు నడిచినవాళ్లకు పంక్తిలో చివరన విస్తరి పడటం, కొన్ని చోట్ల అసలు పంక్తిలోనే కూర్చోనివ్వకపోవడం నిన్నమొన్నటి సంగతులే. మేళం నమ్మకంగా ఉండాలని కోరే ఇల్లు తానూ అంతే నమ్మకంగా ఉండాలన్న ఆలోచన ఈ చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చింది, ఇంకా పూర్తిగా రాలేదు.

మేళంవాడి ఏడాదిని నడిపేది పంచాంగం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం పనికాలం. ఆషాఢంలో పెండ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. శుక్రమూఢమో గురుమూఢమో వచ్చిందంటే మంచి నెలలూ ఎండిపోతాయి. మంచి ముహూర్తం ఉన్న రాత్రి మాత్రం ఒక్క మేళాన్ని నాలుగు ఊళ్లు పిలుస్తాయి. సంపాదన అంతా అలాంటి కొన్ని రాత్రుల్లోనే. ఆ రాత్రుల్లో రెండు చోట్ల ఒప్పుకుని, ఇక్కడ సగం అక్కడ సగం వాయించి వచ్చే ఆశ ఎంత బలమైనదో ఊహించవచ్చు. అలా చేసినవాళ్లూ ఉన్నారు. చేయనివాళ్ల పేర్లే పెండ్లిళ్లలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకాయి.

2020లో ఈ లెక్క మొత్తం తలకిందులైంది. మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. సరిగ్గా వైశాఖ జ్యేష్ఠాలు పోయాయి, జాతరలు ఆగాయి, భారతాలు ఆగాయి. తీసుకున్న సంచకారం తిరిగి ఇవ్వాలా, వద్దా అన్న ప్రశ్న మేళాల ముందుకు వచ్చింది. పెండ్లి వాయిదా పడితే అదే సంచకారం మీద తర్వాతి ముహూర్తానికి వాయించడం ఎక్కువచోట్ల పద్ధతైంది. అప్పటికి ధరలు పెరిగినా పాత మాట మీదే నిలబడినవాళ్లకు ఆ ఏడు మిగిలిందేమీ లేదు.

మార్పులు కొన్ని మంచివైపూ ఉన్నాయి. తిరుపతిలో 1959లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, దానితో పాటు టీటీడీ నడిపే నాదస్వర డోలు పాఠశాల, ఈ విద్యను ఇంటి గడప దాటించాయి. తండ్రి వృత్తి కాకపోయినా నేర్చుకోవచ్చు, ఆడపిల్లలూ నేర్చుకోవచ్చు. డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. తాంబూలం స్థానంలోకి ఫోను వచ్చింది. సంచకారం ఫోన్‌పేలో పడుతుంది, ఊరి లొకేషన్ వాట్సాప్‌లో వస్తుంది, రాలేనివాడు తన బదులు మనిషి కోసం మేళాల గ్రూపులో అడుగుతాడు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం, ముళబాగిలు, ఎక్కడి నుంచో ఒకరు “నేనున్నా అన్నా, ఎన్ని గంటలకు రావాల?” అంటారు. డీజే పెట్టెల మోతకు మెరవణిలో బ్యాండుకు చోటు తగ్గింది. తాళి కట్టే వేళకు మాత్రం ఆ పెట్టె ఆపేసి సన్నాయి డోలు కోసమే చూస్తారు. ఈ మధ్య కొన్ని మేళాలు ఒప్పుకునేటప్పుడే మూడు షరతులు పెడుతున్నాయి: రానూపోనూ బండి ఖర్చు ఇంటివారిది, భోజనం బంధువులతో పాటు, మిగతా పైకం అప్పగింతలకు ముందే చేతికి. ఆ షరతులు ఒప్పుకున్న ఇంటి ముహూర్తం తేదీ వాళ్ల ఫోనులో ఎక్కుతుంది, ఆ రోజుకు ఇక వేరే పిలుపు తీసుకోరు.